తప్పిపోయిన నలభై నాలుగు వోల్టులు

మా ఆవిడ ఈమధ్య ఒక హాట్ బాక్సు కొంది. రోజంతా వేడి తగ్గదని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పొద్దున్నే అన్నం, పప్పు, చారు సర్ది ఇస్తుంది. మద్దిలపాలెంలో బస్సెక్కి, మధురవాడ దాటి, వారానికి రెండు మూడు రోజులు నేను పాఠాలు చెప్పే కాలేజీకి చేరి, మధ్యాహ్నం మూత తీసేసరికి పప్పు మీద నెయ్యి గడ్డకట్టి నావైపు జాలిగా చూస్తూ ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేస్తే, "మూత సరిగ్గా బిగించారా సార్?" అని అడిగారు. ఉద్యోగమంతా బోల్టులు బిగిస్తూ, బిగించారో లేదో చూస్తూ గడిపినవాణ్ణి. ఆ ప్రశ్న నన్ను కొద్దిగా నొప్పించింది.

మొన్న అలా చల్లటి పప్పు ముందు కూర్చుని ఉండగా సెకండియర్ అమ్మాయి ఒకామె వచ్చి నిలబడింది.

"సార్, ఓమ్స్ లా మాకు టెన్త్‌లోనే అయిపోయింది. మళ్ళీ ఎందుకు చెబుతున్నారు? ఉద్యోగంలో దీన్ని నిజంగా ఎవరైనా వాడతారా?"

"నేను ఒకసారి వాడాను," అన్నాను.

ఆమె నవ్వి వెళ్లిపోయింది. జోకనుకుంది. నా ముఖంతో ఉన్న ఇబ్బందే అది. అందుకని ఆ ఒక్కసారి ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. పేర్లు చెప్పను. ఎవరి గురించి రాశానో వాళ్లకి తెలుస్తుంది, మిగతావాళ్లకి అవసరం లేదు.

ఉద్యోగం చివరి రోజుల్లో నేను పోర్టుకి దగ్గరలో ఉన్న ఒక స్టీలు యార్డులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చూసేవాణ్ణి. ఉక్కు ప్లేట్లు వస్తాయి, దొంతర్లుగా పేరుస్తారు, మళ్ళీ ట్రైలర్లకెత్తి పంపిస్తారు. ఎత్తేది ఒక పెద్ద గాంట్రీ క్రేను. రెండు వైపులా కాళ్లుండి, పట్టాల మీద యార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది. దాని చేతికి కొక్కెం బదులు ఒక గుండ్రటి మాగ్నెట్ ఉండేది. లోపల రాగి తీగ చుట్ట. కరెంటు పంపితే ప్లేటు అంటుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. ఇంత సులువైన యంత్రం ఇంకొకటి లేదని నేను చాలాకాలం నమ్మాను.

ఆ క్రేను నడిపేది ఒక అమ్మాయి. ముప్పై లోపు వయసు. ఒడ్డున ఉండే వేట కుటుంబం. వాళ్ల నాన్న ఇంకా సముద్రం మీదకి వెళ్తుండేవాడు. ఆ ఇంట్లో క్రేనెక్కిన మొదటి మనిషి ఆమె. అప్పటికి ట్రైనింగు కాలం ఇంకా పూర్తి కాలేదు. మేనేజరుతో మాట్లాడినా, లారీ క్లీనరుతో మాట్లాడినా గొంతు మారేది కాదు. యార్డులో సగంమందికి ఆమె నచ్చకపోవడానికీ, మిగతా సగంమందికి నచ్చడానికీ కారణం ఇదే.

ఇంకొకాయన మా ఫోర్‌మన్. తగరపువలస నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. తనకన్నా పెద్దవాళ్లనీ, చిన్నవాళ్లనీ, దారి తప్పి వచ్చిన లారీ డ్రైవర్లనీ అందరినీ "బావ" అనేవాడు. నన్నొక్కణ్ణి "సార్" అనేవాడు. మాది కృష్ణా జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చిన కుటుంబం కాబట్టి వరస కలపడం కష్టమైందేమో.

ఒక మధ్యాహ్నం మాగ్నెట్ రెండు ప్లేట్లు ఎత్తింది. మనిషెత్తు దాకా బాగానే వెళ్లాయి. అక్కడ కింది ప్లేటు ఊడి ట్రైలరు మూల మీద పడింది. ట్రైలరుకి సొట్ట పడింది. డ్రైవరు టీకి వెళ్లాడు కాబట్టి డ్రైవరుకి పడలేదు.

ఎంక్వైరీ మొదలైంది. సేఫ్టీ ఆఫీసరు ఆమెని పిలిచి అడిగాడు. మనిషి మంచివాడే. చిక్కల్లా ఏమిటంటే, ఎవరేం చెప్పినా వెంటనే ఇంగ్లీషులోకి మార్చేసుకునేవాడు.

"ప్లేట్లు ఎత్తినప్పుడు కరెంటు ఎలా ఉంది?"

"ఫుల్లుగానే ఉంది సార్."

"తక్కువగా ఏమైనా ఉందా?"

"నేదు సార్. ఫుల్లే."

అక్కడితో అయిపోయింది. మాగ్నెట్‌కి పూర్తి కరెంటు అందిందని ఆపరేటరే ఒప్పుకుంది. మరి ప్లేటెందుకు పడింది? ఆమె కుదిపి ఎత్తి ఉంటుంది. తర్కంలో ఎక్కడా పగులు లేదు. "మాగ్నెట్ ఒదిలేత్తంది" అని ఆమె అంతకుముందే మొత్తుకున్న మాట నిజమే. అప్పుడు మావాళ్లొకరు వెళ్లి చూసి, "కరెంటొత్తంది కదా" అని తిరిగొచ్చిన మాటా నిజమే. ఇప్పుడు ఆమె నోటితోనే అదే మాట వచ్చింది.

మర్నాడు భోజనాల తర్వాత తీర్పు. క్రేను నడిపే పర్మిట్ రద్దు చేస్తారు, కాంట్రాక్టరు ఆమెని ఇంటికి పంపేస్తాడు. మళ్ళీ ఇంకో యార్డులో క్రేను ఎక్కనిచ్చేవాళ్లుండరు. అంతకుముందు ఒక చిన్న లాంఛనం ఉంది. మాగ్నెట్‌లో ఎలక్ట్రికల్ లోపం ఏమీ లేదని నేను సంతకం పెట్టాలి.

పొద్దున్నే క్రేను దగ్గరకి వెళ్లాను. న్యాయం కోసం వెళ్లానని చెప్పుకోవచ్చు గానీ, కాఫీ మిషను ఆ వైపే ఉండేది.

మాగ్నెట్ కింద నేల మీద ఉంది. దాని ఒంటి మీద కంపెనీవాళ్లు కొట్టిన రేకు చదివాను. రెండు వందల ఇరవై వోల్టులు, చల్లగా ఉన్నప్పుడు యాభై అయిదు ఆంపియర్లు. లెక్క మీకు తెలిసిందే. వోల్టులని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవరు. రెండు వందల ఇరవైని యాభై అయిదుతో భాగిస్తే నాలుగు ఓములు. గుణిస్తే పన్నెండు వేల పైచిలుకు వాట్లు. ఒక భాగహారం, ఒక గుణకారం. దీనికోసం మా నాన్నగారు నన్ను నాలుగేళ్లు చదివించారు.

ఆపరేటరు పైన క్యాబిన్‌లో ఉంది. తీర్పు వచ్చేదాకా ఆమె పని ఆమెదే. వాకీటాకీలో అడిగాను.

"మాగ్నెట్ వెయ్యమ్మా. వేసి కరెంటెంతో చెప్పు."

"ఉంది సార్."

"ఉందని తెలుసు. ఎంత ఉంది?"

"ఎప్పుడూ ఉన్నంతే ఉంది సార్."

"అదే, అంకెల్లో ఎంత?"

"రెండొందల ఇరవై."

నేను కాఫీ కప్పు వదిలేశాను. రెండు వందల ఇరవై ఆంపియర్లా! అంటే నిరోధం నాలుగు కాదు, ఒకటి. పవరు పన్నెండు వేలు కాదు, నలభై ఎనిమిది వేలు. తీగ చుట్ట లోపల ఎక్కడో అతుక్కుపోయి ఉండాలి, ఇంకో నిమిషం ఉంటే మాగ్నెట్ పొగై ఆకాశంలో కలుస్తుంది!

"ఆపెయ్! ఆపెయ్! ఆపెయ్!" అని అరుస్తూ నిచ్చెనెక్కాను. నా బరువుతో నిచ్చెన మీద పరుగు సాధ్యమని అంతవరకు నాకు తెలియదు. వెనకాల ఫోర్‌మన్, "సార్, మెల్లిగా! సార్, సెప్పు జారిపోనాది!" అని కింద నుంచి నా చెప్పు పట్టుకుని అరుస్తున్నాడు.

ఆమె మాగ్నెట్ ఆపేసి క్యాబిన్ తలుపు తీసింది.

"ఏటైంది సార్? పావేటైనా అగుపడిందా?"

"కరెంటు... రెండొందల ఇరవై... ఎక్కడ చూశావ్?"

ఎదురుగా ఉన్న మీటరు చూపించింది. ముల్లు ఎంచక్కా రెండు వందల ఇరవై మీద నిలబడి ఉంది. అద్దం మీద వోల్టు అని తెలిపే అక్షరం ఎండకి ఎప్పుడో వెలిసిపోయింది. ఆ క్యాబిన్‌లో ఉన్న మీటరు అదొక్కటే. ఆంపియర్లు చూపించే మీటరు కింద, క్రేను కాలి దగ్గర, తాళం వేసిన ప్యానెల్ గదిలో ఉండేది.

"ఇది కరెంటు మీటరు కాదమ్మా. వోల్టేజీ మీటరు."

"కరెంటుంటే లెగుత్తది, పోతే పడిపోద్ది. కరెంటు మీటరు కాదేటండి?"

ఆమె అన్నదీ నిజమే. తెలుగు దేశంలో పిల్లలందరం చిన్నప్పుడు పుస్తకంలో "విద్యుత్ ప్రవాహం" అని చదువుకుంటాం. ఇంటికొచ్చి దీపాలారిపోతే "ప్రవాహం పోయింది" అని ఒక్కరం అనం. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు బిల్లు, కరెంటాఫీసు. వోల్టేజీ అయినా కరెంటే, ఆంపియర్లయినా కరెంటే, స్తంభం మీద ఎక్కే మనిషి కూడా కరెంటతనే. నేను కూడా ఇంట్లో అలాగే అంటాను. ఇక్కడ మాత్రం అలా అన్నందుకు ఒక మనిషి ఉద్యోగం పోబోతోంది.

"చూడమ్మా, మేడ మీద ట్యాంకు నిండా నీళ్లున్నాయి. కింద గొట్టానికి బొటనవేలు అడ్డం పెట్టావు. ట్యాంకు ఫుల్లే. గొట్టంలోంచి నీళ్లు వస్తాయా?"

"సుక్కలు సుక్కలొత్తాయి."

"ఈ మీటరు చూపించేది ట్యాంకుని. గొట్టాన్ని కాదు."

ఆమె మీటరు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అంటే ఆ సారు గొట్టంలో నీళ్లెంతొచ్చేయని అడిగితే, నాను ట్యాంకు నిండా ఉందని సెప్పేనన్నమాట."

"అంతే."

"ఓలమ్మ! మరి గొట్టంలో ఎంతొచ్చిందో ఎవురు సూసేరు?"

ఎవరూ చూడలేదు! ప్లేటు పడిన రోజున మాగ్నెట్‌లోకి ఎంత కరెంటు వెళ్లిందో ఆమెకి తెలియదు, ఆఫీసరుకి తెలియదు, సంతకం పెట్టబోతున్న నాకూ తెలియదు. ఒక తెలుగు మాట, దాన్ని ఇంగ్లీషు చేసిన ఒక మనిషి. మొత్తం కేసంతా ఇంతే.

ఎక్కిన దానికన్నా వేగంగా దిగాను. క్లాంప్ మీటరు తెప్పించాను. అది పీత డెక్కలాగా నోరు తెరిచి తీగని పట్టుకుంటుంది, లోపల పోయే ఆంపియర్లు చెబుతుంది. రాత్రంతా ఆగి ఉంది కాబట్టి మాగ్నెట్ ఇంకా చల్లగానే ఉంది. ప్యానెల్ దగ్గర తీగకి తగిలించి, "వెయ్యమ్మా!" అన్నాను.

నలభై నాలుగు.

యాభై అయిదు రావాలి. వచ్చింది నలభై నాలుగు! ప్యానెల్ దగ్గర వోల్టులు చూస్తే నిక్షేపంగా రెండు వందల ఇరవై ఉన్నాయి. రెండు వందల ఇరవైని నలభై నాలుగుతో భాగిస్తే...

"ఐదు!" అని అరిచాను.

"ఐదేటి సార్?" అన్నాడు ఫోర్‌మన్. చెప్పు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఓములు!"

"ఎన్నుండాల?"

"నాలుగు!"

"ఒకటెక్కువే ఉంది కదండి. మంచిదే కదా."

"ఇది జిలేబీ కాదు బాబూ, ఎక్కువుంటే సంతోషించడానికి. నిరోధం ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది, పట్టు తగ్గుతుంది."

ఒక ఓము ఎక్కువ. అది మాగ్నెట్ లోపలుందా, దారిలో ఉందా? మాగ్నెట్ తలమీది టెర్మినళ్ల దగ్గర వోల్టులు కొలిచాం. నూట డెబ్భై ఆరు. దాన్ని నలభై నాలుగుతో భాగిస్తే సరిగ్గా నాలుగు. మాగ్నెట్ నిర్దోషి! ప్యానెల్ నుంచి రెండు వందల ఇరవై వోల్టులు బయల్దేరాయి, మాగ్నెట్ దగ్గరకి చేరినవి నూట డెబ్భై ఆరు. మధ్యలో నలభై నాలుగు వోల్టులు తప్పిపోయాయి.

నలభై నాలుగు వోల్టులు, నలభై నాలుగు ఆంపియర్లు. భాగిస్తే ఒక ఓము. నా జీవితంలో నాకు తగిలిన భాగహారాలన్నింటిలోకి ఇదే సులువైనది. గుణించాను. పందొమ్మిది వందల ముప్పై ఆరు వాట్లు.

ఇక దొరికినట్టే. ఎందుకంటే వోల్టులు కనబడవు, ఓములు కనబడవు. రెండు వేల వాట్లు మాత్రం దాక్కోలేవు. మా ఇంట్లో గీజరు అంతే ఉంటుంది. అది బకెట్ల కొద్దీ నీళ్లు కాచి పోస్తుంది.

"ఈ ప్యానెల్‌కీ ఆ మాగ్నెట్‌కీ మధ్య ఎక్కడో ఒక గీజరు నడుస్తోంది. వెతుకు!" అన్నాను.

"గీజరా సార్? ఈ యార్డులోనా?" అన్నాడు గానీ, పాపం, వెతికాడు.

డ్రాయింగు పరిచాను. ప్యానెల్ నుంచి కేబుల్ చుట్టే డ్రమ్ముకి ఒక గీత, డ్రమ్ము నుంచి మాగ్నెట్‌కి ఒక గీత. మధ్యలో దాక్కోవడానికి చోటు లేదు. మాగ్నెట్‌ని చాలాసేపు వేసి ఉంచి, తర్వాత సప్లై ఆపించి, ఒక్కొక్క జాయింటే చేత్తో తడిమాం. చల్లగా ఉంది. డ్రమ్ము మూత విప్పి చూశాం. చల్లగా ఉంది. ఫోర్‌మన్ మొహం ముందుకు పెట్టి కేబుల్ పొడవునా వాసన చూస్తూ నడిచాడు. చూసేవాళ్లకి ఇద్దరికీ ఎండదెబ్బ తగిలిందనిపించి ఉంటుంది. ఆపరేటరు పైనుంచి తొంగిచూస్తూ, "డ్రమ్ము ఎనకాతల సూసేరా? మళ్ళీ సూడండి!" అని ఆర్డర్లు వేస్తోంది. ఎవరి పర్మిట్ పోబోతోందో వాళ్లే అధికారిలా ఉన్నారు.

అంతలో సేఫ్టీ ఆఫీసరు అటుగా వచ్చాడు.

"సంతకం అయిందా అండీ?"

"ఒక గీజరు తప్పిపోయింది సార్. దొరగ్గానే పెడతాను."

ఆయన నా మొహం చూశాడు, నా ఒంటికాలి చెప్పు చూశాడు, వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

సైరన్ మోగింది. భోజనాల వేళ. ఆ తర్వాత ఎంక్వైరీ. గీజరు లేదు. ఒక ఓము ఎక్కువుందని చెప్పగలను గానీ, "ఎక్కడ?" అంటే చూపించలేను. మీటరు తప్పేమో అంటారు. అనకుండా ఎలా ఉంటారు, నేనైనా అంటాను.

"తినేసి ఎతుకుదాం సార్," అన్నాడు ఫోర్‌మన్. "కాంటీనుకేటెల్తారు, నా కాడ సేపల పులుసుంది. ఇద్దరికీ సరిపోద్ది."

ఆకలి ముందు నాకు మొహమాటాలు నిలవవు. క్రేను కాలి నీడలో చెక్కదుంగల మీద కూర్చున్నాం. ఆపరేటరు కూడా దిగివచ్చి తన క్యారేజీ తీసుకుంది. ఫోర్‌మన్ తన క్యారేజీ మూత తీశాడు.

ఆవిరి వచ్చి నా కళ్లద్దాలు కమ్మేసింది.

అద్దాలు తుడుచుకున్నాను. ఒక ముద్ద తిన్నాను. పులుసు నాలుక చుర్రుమనేంత వేడిగా ఉంది. చాలా బాగుంది. రెండో ముద్ద కూడా తిన్నాను. ఆలోచన అప్పుడు వచ్చింది. నాలో ఎప్పుడూ ఆ వరసలోనే జరుగుతుంది.

"పొద్దున్నెప్పుడో తగరపువలసలో వండింది ఇది. ఇంత వేడిగా ఎలా ఉంది?"

"పొయ్యి మీదెట్టేను కదండి."

"ఏ పొయ్యి?"

"మన పొయ్యండి. అదిగో, మెట్ల కింద."

చెయ్యి చూపించాడు. ప్యానెల్ గది మెట్ల కింద ఒక ఇనప పెట్టె. దాని మీద గుడ్డ పరిచి వరసగా క్యారేజీలు పెట్టి ఉన్నాయి. పొద్దుటి నుంచి దాని పక్క నుంచి ఎన్నిసార్లు తిరిగానో. డ్రాయింగులో ఆ పెట్టె లేదు. మీద అన్నాలు ఉన్నాయి. అన్నాల బల్ల అనుకున్నాను.

"అది... ఎప్పట్నుంచి వేడిగా ఉంటోంది?"

"ఇదివరకు ఎత్తుగా ఉందని, పిల్లులు రావని పెట్టీవోళ్లం సార్. వానలు ఒగ్గేసినకాణ్ణించి వేడెక్కడం మొదలెట్టింది. ఇప్పుడు కూర మళ్లీ ఉడుకుద్ది. బావలందరం దాన్ని పొయ్యంటన్నాం."

నేను ఆపరేటరు వైపు తిరిగాను.

"మాగ్నెట్ వదిలేస్తోందని నువ్వు చెప్పింది ఎప్పట్నుంచి?"

ఆమె నోట్లోకి వెళ్లబోతున్న ముద్ద గాలిలో ఆగిపోయింది.

"వానలు ఒగ్గేసినకాణ్ణించీ!" అంది.

ముగ్గురం ఒక్కసారి లేచాం. సప్లై ఆపించాం. క్యారేజీలు దించాం. ఆ మూతల వేడికి ఫోర్‌మన్ చేతులు ఊదుకుంటూ ఎగిరాడు. పెట్టె తలుపు విప్పితే వేడి గాలి మొహానికి కొట్టింది. లోపల వరసగా పాతకాలపు రెసిస్టర్ గ్రిడ్లు, ఇనప జల్లెడల్లాగా. అప్పుడు అర్థమైంది. ఒకప్పుడు ప్లేట్లని ఒక్కొక్కటిగా వదలడానికి కరెంటు తగ్గించే బటను ఒకటి ఆ క్రేనులో ఉండేదట. బటను నొక్కితే కరెంటు ఈ గ్రిడ్ల మీదుగా వెళ్లి సన్నబడేది. ప్రమాదమని ఎప్పుడో మానేశారు. బటను తీసేశారు. డ్రాయింగులోంచి పెట్టెని తీసేశారు. అసలు పెట్టెని మాత్రం తీయలేదు. గ్రిడ్లకి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక రాగి పట్టీ అడ్డంగా బిగించి, కరెంటుకి దొడ్డిదారి ఇచ్చి వదిలేశారు. మన ఊరి ఉప్పుగాలి ఆ పట్టీ చివరి బోల్టుని పచ్చగా తినేసింది. పట్టీ వదులై లేచిపోయింది. కరెంటు మళ్ళీ పాత దారి పట్టింది, పన్నుగా రెండు వేల వాట్లు సమర్పించుకుంటూ.

క్రేనుతోపాటు యార్డంతా తిరుగుతూ, అందరి కూరలూ వేడిచేస్తూ, కింది ప్లేట్లని వదిలేస్తూ. అదే నా గీజరు!

"సార్ని పిలు!" అన్నాను. ఫోర్‌మన్ అప్పటికే సగం దూరం పరిగెత్తాడు.

సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు, వెనకాల ఎంక్వైరీకి వచ్చినవాళ్లందరూ వచ్చారు. ఆయన నేను చెప్పింది విని, "చూపించండి," అన్నాడు. అది న్యాయమే. పట్టీని అలాగే ఉంచి, ఆమె రెండు ప్లేట్లని కింద పేర్చిన దుంగల మీద జానెడెత్తు మాత్రం లేపింది. పొద్దుటి నుంచి వేసి ఆపడంతో మాగ్నెట్ వేడెక్కింది. రాగి వేడెక్కితే నిరోధం ఇంకా పెరుగుతుంది. మీటరు ముప్పై తొమ్మిది చూపించింది. ఆమె ఏదీ కదపలేదు, కుదపలేదు. చేతులు రెండూ అద్దానికి ఆనించి అందరికీ కనబడేలా పెట్టింది. కింది ప్లేటు మూల మెల్లగా విడివడింది, తర్వాత మొత్తం ప్లేటు ధన్‌మని దుంగల మీద పడింది. నిలబడ్డవాళ్లంతా ఒకడుగు వెనక్కి వేశారు. నేను రెండేశాను.

సప్లై ఆపి, పట్టీని గీకి, కొత్త బోల్టు వేశాం. నేనే బిగించాను. మళ్ళీ సప్లై ఇచ్చాం.

"ఇప్పుడు వెయ్యమ్మా!"

నలభై ఏడు! అదే వేడి మాగ్నెట్, అదే రెండు వందల ఇరవై వోల్టులు. పవరంతా మాగ్నెట్‌కే. రెండు ప్లేట్లూ కవల పిల్లల్లాగా అతుక్కుని లేచాయి. ఆమె వాటిని మనిషెత్తుకి కాదు, ఇంకా పైకి తీసుకెళ్లి, కింద మనుషులు లేని చోట నిలిపింది. నిలిపే ఉంచింది. అందరం తలలెత్తి రెండు ఇనప రేకుల వైపు, గాలిపటం చూసినట్టు చూస్తున్నాం. తర్వాత ఆమె వాటిని పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దొంతర మీద దించింది. ఫోర్‌మన్ ఈలేశాడు. ఇదివరకు ఎన్నడూ కలపని వరస కలిపి, "బావా!" అని నన్ను కౌగిలించుకున్నాడు, వెంటనే "సారీ సార్," అన్నాడు.

ఆఫీసరు ఆమెని కిందికి పిలిచాడు. పాత ప్రశ్నే మళ్ళీ అడిగాడు.

"ఆ రోజు కరెంటు ఎలా ఉందమ్మా?"

ఆమె నా వైపు ఒకసారి చూసి, "ఏ కరెంటండి? ట్యాంకులోదా, గొట్టంలోదా?" అంది.

ఆయన పెన్ను తీశాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం కుదర్లేదనుకుంటాను. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. పర్మిట్ నిలబడింది. వేసవిలోపే ఆమె ట్రైనింగు కూడా పూర్తయిపోయింది. నా సంతకం మాత్రం ఎవరూ అడగలేదు.

అంచేత, సెకండియర్ అమ్మాయికి నా సమాధానం ఇది. భాగహారం అందరికీ వస్తుంది. దేన్ని దేనితో భాగించాలో పుస్తకంలోనే ఉంది. కానీ ఎవరైనా "కరెంటు ఫుల్లు" అంటే, ఏ మీటరు చూసి అన్నారో వెళ్లి చూడాలి. రెండు వేల వాట్లు ఎక్కడికీ పోవు, ఎక్కడో ఒకచోట ఏదో ఒకదాన్ని వేడిచేస్తూనే ఉంటాయి. అది మీ మాగ్నెట్ కాకపోతే, పక్కన భోజనం చేస్తున్నవాళ్లని అడగండి.

యార్డులో ఆ మర్నాడు మధ్యాహ్నం నేను కాంటీనుకి వెళ్లకుండా కాస్త గర్వంగానే క్రేను వైపు నడిచాను. నిన్నటి పులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది. దుంగల మీద అందరూ కూర్చుని ఉన్నారు. పెట్టె మీద గుడ్డ అలాగే పరిచి ఉంది, క్యారేజీలు దాని మీదనుంచే తీశారు. నన్ను చూసి కొందరు లేచారు, కొందరు లేవలేదు. ఎవరి గిన్నెలోనూ ఆవిరి లేదు. ఫోర్‌మన్ పెరుగన్నంలా బిగుసుకున్న పప్పన్నాన్ని వేళ్లతో విడదీస్తూ తలొంచుకుని నవ్వుతున్నాడు. ఆపరేటరు తన క్యారేజీలో పేరుకున్న నెత్తళ్ల చేపల కూరని ఒకసారి చూసి, మూత పక్కన పెట్టి, నాతో ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది.

"నా ఉద్యోగం నిలబెట్టేరు సార్, నాను కాదన్ను. మరి మా పొయ్యెందుకార్పేసేరు?"